అమావాస్యనాడు ఏటీఎం గుహలోకి

"ఏటీఎంకి వెళ్ళడానికి దేశం దాటాలా? మీ డల్లాస్‌లో లేవూ?" అంది అమ్మ, అమలాపురం నుంచి ఫోన్లో.

ఆవిడ తప్పేం లేదు, నేనే సరిగ్గా చెప్పలేదు. ఏటీఎం అంటే ఆక్టున్ టునిచిల్ ముక్నాల్. మధ్య అమెరికాలోని మాయా అనే ప్రాచీన జాతి భాషలో ఆ పేరుకి రాతి సమాధి గుహ అని అర్థం. మెక్సికోకి కింద, గ్వాటెమాలాకి పక్కన బెలీజ్ అని చిన్న దేశముంది. అక్కడి అడవిలో ఒక ఏరు కొండ కడుపులోంచి బయటికొస్తుంది. ఆ ఏటికి ఎదురు నడుచుకుంటూ లోపలికి వెళితే, వెయ్యేళ్ళ పైబడిన మనుషుల ఎముకలు, కుండలు ఎక్కడివక్కడే ఉంటాయి. అసలు పేరు నోరు తిరగదు కాబట్టి గైడ్ల దగ్గర్నుంచి హోటల్ వాళ్ళ దాకా అందరూ ఏటీఎం అనే అంటారు.

మేం 2024 థాంక్స్‌గివింగ్ సెలవుల్లో వెళ్ళొచ్చాం. వచ్చి నాలుగు రోజులైంది. కుడి మోకాలి మీద దెబ్బ ఇంకా ఊదారంగులోనే ఉంది. వెళ్ళేముందు నేను చదివినవన్నీ "అద్భుతం, ఒక్కసారైనా చూడాలి" తరహావే. ఈత రానివాళ్ళ పరిస్థితేమిటి, వీసా స్టాంపు సంగతేమిటి, వానొస్తే కట్టిన డబ్బేమవుతుంది, ఇవి ఒక్కచోటా దొరకలేదు. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ప్రతి థాంక్స్‌గివింగ్‌కీ మావాళ్ళందరం ఎవరో ఒకరింట్లో చేరడం, అల్యూమినియం ట్రేలలో బిర్యానీ, అర్ధరాత్రి దాకా పేకాట. ఈసారి ఆ ట్రేల మొహం చూడనన్నాడు మా అన్నయ్య. సెప్టెంబరు మొదటి వారంలో వాట్సాప్ గ్రూపులో గుహ ఫొటో ఒకటి పెట్టి "ఎవరెవరు?" అన్నాడు. 10 మందిమి చెయ్యెత్తాం. నాలుగు జంటలు, పెళ్ళికాని కుర్రాళ్ళు ఇద్దరు. పిల్లల్ని తీసుకెళ్ళే ప్రశ్నే లేదు. మా అత్తయ్యగారు ఇండియా నుంచి వచ్చి ఉండటం మాకు కలిసొచ్చింది. సెప్టెంబరు 14న టిక్కెట్లు కొనేశాం, డల్లాస్ నుంచి నేరుగా వెళ్ళే విమానం, మనిషికి 465 డాలర్లు.

మూడు వారాలు తిరక్కుండానే 10 మందిమి 8 మందిమయ్యాం.

కారణం స్టాంపు. భారత పాస్‌పోర్టుతో బెలీజ్ వెళ్ళాలంటే వీసా కావాలి. కానీ గడువున్న అమెరికా మల్టిపుల్ ఎంట్రీ వీసా గానీ, గ్రీన్ కార్డు గానీ ఉంటే అక్కర్లేదు. మాలో ఒక జంటకి హెచ్‌1బీ పొడిగింపు వచ్చింది, కాగితం చేతిలో ఉంది, కానీ పాస్‌పోర్టులో స్టాంపు గడువు కిందటేడే తీరిపోయింది. "కెనడా వెళ్ళొచ్చాంగా ఇలాగే" అన్నారు వాళ్ళు. నిజమే. కెనడా, మెక్సికోలకి 30 రోజుల లోపు వెళ్ళొస్తే పాత స్టాంపుతోనే తిరిగి రానిచ్చే నియమం ఒకటుంది. బెలీజ్ మెక్సికోని ఆనుకునే ఉన్నా ఆ నియమం దానికి వర్తించదు. వెళితే బెలీజ్‌లో దిగడం కష్టం, దిగినా తిరిగి రావాలంటే కాన్సులేటులో స్టాంపింగ్ చేయించుకోవాలి. దయచేసి టిక్కెట్లు కొన్నాక కాదు, కొనకముందే అందరి పాస్‌పోర్టులూ తెరిచి చూడండి. వాళ్ళకి టిక్కెట్టు డబ్బు ఎయిర్‌లైన్ క్రెడిట్‌గా వచ్చింది. ఆ అమ్మాయి గ్రూపులో ఏడుపు బొమ్మ ఒకటి పెట్టి ఊరుకుంది. తర్వాత మేం బూట్ల గురించి, బ్యాగుల గురించి ఎన్ని మాట్లాడుకున్నా చూసినట్టు నీలం టిక్కులు పడేవి గానీ జవాబుండేది కాదు.

నా సమస్య వేరు. మాది కోనసీమ. కాలవల మధ్య పుట్టినదానివి, ఈత రాదంటే ఎలా అని అందరూ అంటారు. తొమ్మిదేళ్ళప్పుడు రేవులో నాచుపట్టిన మెట్టు మీద కాలు జారి మునిగిపోతుంటే పక్కింటి మామ్మ నా జడ పట్టుకుని పైకి లాగింది. మాడు మంట, ముక్కులో నీళ్ళ మంట, రెండూ ఇప్పటికీ గుర్తే. ఆ తర్వాత ఏ రేవులోనూ దిగలేదు. గుహ ద్వారం దగ్గర పదిహేను, ఇరవై అడుగులు ఈదాలని చదివి, అక్టోబరు 5 నుంచి శనివారాలు ఈత క్లాసులకి వెళ్ళాను. ఆరు క్లాసులు, 90 డాలర్లు. నాతోపాటు నేర్చుకునేవాళ్ళంతా ఆరేళ్ళలోపు పిల్లలు. ఆరో క్లాసు అయ్యేసరికి నాకు వచ్చింది వెల్లకిలా తేలడం ఒక్కటే. అది కూడా మా టీచరు చెయ్యి వీపు కింద ఉందనుకుంటేనే.

నవంబరు 17న సారా తుపాను బెలీజ్ తీరం దాటింది. గాలి అంత లేదు గానీ వానే వాన. మునిగిన రోడ్ల వీడియోలు చూసి గైడు కంపెనీకి మెయిల్ పెట్టాం. జవాబు రావడానికి రెండు రోజులు పట్టింది. నది ఎక్కువగా ఉంటే గుహ మూసేస్తారు, తగ్గితే తెరుస్తారు, ఏ రోజు సంగతి ఆ రోజు పొద్దున్నే తెలుస్తుంది, ఇదీ సారాంశం. వాళ్ళు మూస్తే పూర్తి డబ్బు వెనక్కి, లేదా ఇంకో రోజు. మనం భయపడి మానేస్తే మాత్రం కట్టిన సగం పోయినట్టే. ఆ వారమంతా మా ఆయన ఆఫీసు పని కన్నా బెలీజ్ వాతావరణమే ఎక్కువ చూశాడు.

నవంబరు 27, బుధవారం. ఎయిర్‌పోర్టులో కౌంటరు దగ్గర అమ్మాయికి మన పాస్‌పోర్టు చూడగానే అనుమానం. బెలీజ్ వీసా ఏదంది. అమెరికా వీసా చూపిస్తే కంప్యూటర్‌లో ఏదో వెతికింది, ఇంకొకరిని పిలిచింది, ఆయన ఫోన్ చేశాడు. 20 నిమిషాలు. మా వెనక లైను పెరుగుతూనే ఉంది. చివరికి బోర్డింగ్ పాసులు చేతికొచ్చాకే కుర్రాళ్ళిద్దరూ కాఫీ తాగారు. కనీసం మూడు గంటల ముందు వెళ్ళండి.

విమానం మూడు గంటల లోపే. చలికాలంలో డల్లాస్ టైమే అక్కడా, గడియారం మార్చే పని లేదు. ఇమిగ్రేషన్ లైను 50 నిమిషాలు. అక్కడ ఇంగ్లీషే అధికార భాష కాబట్టి మాటకి ఇబ్బంది లేదు, ఇబ్బందల్లా డబ్బుతోనే. వాళ్ళదీ డాలరే, రెండు బెలీజ్ డాలర్లు ఒక అమెరికన్ డాలరు. మెనూలో 24 అని ఉంటే ఏ డాలరని అడగాలి. మొదటి రోజు టీకొట్టులో అడగలేదు, రెట్టింపు ఇచ్చి వచ్చాం. ఎయిర్‌పోర్టు నుంచి మేం బస చేసిన ఊరు శాన్ ఇగ్నాసియో రెండు గంటలు. 8 మందికి వ్యాను 180 అమెరికన్ డాలర్లు. ఊరు వచ్చినప్పుడల్లా స్పీడ్ బ్రేకర్లు, దాని పక్కనే నారింజపళ్ళు అమ్మే కుర్రాడు. కిటికీలోంచి చూస్తే రావులపాలెం దాటుతున్నట్టే ఉంది, ఇళ్ళు మాత్రం కర్రగుంజల మీద.

28న కేవ్ ట్యూబింగ్. కేవ్స్ బ్రాంచ్ నది కొన్ని గుహల్లోంచి పారుతుంది. రబ్బరు ట్యూబు భుజాన వేసుకుని అడవిలో అరగంట పైన నడిచి, పైన నీళ్ళలో దిగి, ట్యూబులో కూర్చుని గుహల గుండా కిందికి తేలుతూ రావడమే. మనిషికి 65 డాలర్లు. మా ట్యూబులన్నీ ఒకదానికొకటి కట్టేశారు, ఈత అవసరమే లేదు. తుపాను నీరు ఇంకా పూర్తిగా తేరుకోలేదు, టీ రంగులో ఉంది. పెద్దవాళ్ళని తీసుకెళ్ళినవాళ్ళకి ఇది చాలు, హాయిగా ఉంటుంది. నాకైతే వెనక్కి వాలి గుహ కప్పు చూస్తుంటే బొర్రా గుహలే గుర్తొచ్చాయి, రంగురంగుల లైట్లు, శివలింగం దగ్గర క్యూ లేవు, అంతే తేడా.

ఆ రాత్రి భోజనం దగ్గర ఒక చిన్న గొడవ. అది కార్తీక మాసం. మా వదిన శిరీష నెల్లాళ్ళూ నీచు ముట్టదు, నేనూ ఈసారి ముట్టలేదు. అన్నంలో రాజ్మాలాంటి గింజలు, కొబ్బరిపాలు వేసి వండినది అక్కడ ప్రతిచోటా దొరుకుతుంది. శాకాహారమే కదా అని మధ్యాహ్నం ఇద్దరం కడుపునిండా తిన్నాం. రాత్రి హోటల్ వంటావిడ మాటల్లో మాటగా, రుచి కోసం ఆ గింజల్లో ఉప్పులో ఊరబెట్టిన పంది తోక వేస్తారని చెప్పింది. అందరూ వెయ్యకపోవచ్చు, తను మాత్రం వేస్తుందట. వదిన చెంచా కింద పెట్టి పది నిమిషాలు మాట్లాడలేదు. అన్నయ్య నవ్వు ఆపుకోలేక బయటికెళ్ళాడు. ఆ మర్నాటి నుంచి మా ఇద్దరికీ ఫ్రై జాక్స్, జామ్. ఫ్రై జాక్ అంటే మన పూరీకి దగ్గరి చుట్టం, పొంగుతుంది కూడా. దాంతో పాటు మేరీ షార్ప్స్ హబనేరో సాసు. ఆ కారం చూశాక సంచీలోని గోంగూర మూత తియ్యడం మర్చిపోయామంటే అర్థం చేసుకోండి. మీరు శాకాహారులైతే "మాంసం ఉందా" అని కాదు, "పంది కొవ్వు గానీ తోక గానీ వేశారా" అని అడగండి.

రాత్రంతా రేకుల కప్పు మీద వాన.

29న ఏటీఎం. తెల్లారి 7 గంటలకల్లా గైడు ఆఫీసు దగ్గర ఉన్నాం, బూట్లు కట్టుకుని, పొడి బట్టల సంచీ పట్టుకుని. ఇంకా మూడు గ్రూపులు ఉన్నాయి. గైడు ఫోన్ చేస్తూనే ఉన్నాడు. 8 అయింది, నీళ్ళు కొలుస్తున్నారన్నాడు. 9 అయింది, ఇంకా చూస్తున్నారన్నాడు. 9:15కి తల అడ్డంగా ఊపాడు. నిజం చెప్పనా, నాకు ఎంత హాయిగా అనిపించిందో! మొహం మాత్రం అందరిలాగే బాధగా పెట్టాను. మా ఆయన నావైపు చూసి, "దొరికావులే" అన్నట్టు నవ్వాడు.

మర్నాడు బార్టన్ క్రీక్ అని ఇంకో గుహకి వెళ్ళాల్సింది. పడవలో కూర్చుని లోపలికి వెళ్ళే గుహ, దారిలో గుర్రబ్బండ్లు తోలే మెన్నొనైటుల (పాతకాలపు పద్ధతుల్లో బతికే ఒక క్రైస్తవ శాఖవాళ్ళ) పల్లె, నేను నిజంగా ఎదురుచూసింది దానికే. ఏటీఎం 30కి జరిగింది కాబట్టి దాన్ని వదులుకోవాల్సొచ్చింది. అది వేరే ఆపరేటరు. మనిషికి 30 డాలర్ల అడ్వాన్సు తిరిగి ఇవ్వలేదు, ఎందుకివ్వరో చెప్పనూ లేదు. మొదటి రెండు రోజుల్లోనే ఏటీఎం పెట్టుకుని, ఆ వెనక ఒక రోజు ఖాళీ ఉంచుకోవాలని మాకు ముందు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. వానలో ఊళ్ళోనే కొండ మీదున్న కాహల్ పెచ్ అనే మాయావాళ్ళ శిథిలాలు చూశాం. ఆ పేరుకి పిడుదుల చోటు అని అర్థమట. మాకు పిడుదులు కనపడలేదు, దోమలు ఆ లోటు తీర్చాయి.

సాయంత్రం వదిన ఫోన్లో పంచాంగం చూసింది. "రేపు అమావాస్య."

ఎవరూ పలకలేదు.

"కార్తీక అమావాస్యనాడు శవాల గుహలోకి వెళ్ళడమేమిటండీ?" అంది అన్నయ్యతో.

"శవాలు కాదే, ఎముకలు. పన్నెండొందల ఏళ్ళయింది. పెట్టాల్సినవాళ్ళు తద్దినాలు ఎప్పుడో పెట్టేసుంటారు."

వదిన వాళ్ళమ్మగారికి ఫోన్ చేసింది. ఆవిడేమన్నారో మాకు తెలీదు గానీ, అరగంట తర్వాత వచ్చి, "హోటల్లో ఒక్కదాన్నీ కూర్చోవడం కన్నా మీతో రావడమే నయం" అని తేల్చింది. నేనేమో ఆ అరగంటా ఆవిడ ఒప్పుకోకూడదనే మొక్కుకున్నాను. ఆవిడకి తోడు అని చెప్పి నేనూ ఉండిపోవచ్చు కదా.

30, శనివారం. 6:40కి గైడు ఫోన్. తెరిచారు.

టీకెటిల్ అనే పల్లె దగ్గర మెయిన్ రోడ్డు వదిలి పొలాల మధ్య మట్టి రోడ్డు. గుంతల్లో నిండా నీళ్ళు. పార్కింగ్ దగ్గర హెల్మెట్, దానికి హెడ్‌ల్యాంప్, లైఫ్ జాకెట్ ఇచ్చారు. ఒక గైడు వెంట 8 మందికి మించి పోనివ్వరు, అందుకే మాకు ఒక గైడు సరిపోయాడు. ఆ మిగిలిన ఇద్దరూ వచ్చి ఉంటే రెండో గైడుకి కూడా కట్టాల్సింది. మాకు పడింది మనిషికి 130 డాలర్లు, భోజనంతో కలిపి. ఫోను, కెమెరా, వాచీలోని కెమెరా కూడా, వ్యానులోనే వదిలెయ్యాలి. 2012లో ఒక టూరిస్టు చేతిలోంచి కెమెరా జారి ఒక పుర్రెకి కన్నం పడింది. అప్పట్నుంచి కెమెరాలు బంద్. గైడు మమ్మల్ని వరసగా నిలబెట్టి ఒక్కొక్కరిని సాక్సులు చూపించమన్నాడు. మా కుర్రాళ్ళలో ఒకడు క్రాక్స్ చెప్పులు వేసుకొచ్చాడు, సాక్సుల్లేవు. అక్కడే 5 డాలర్లు పెట్టి గైడు దగ్గర ఒక జత కొనుక్కున్నాడు. కళ్ళజోడుకి వెనక తాడు కట్టుకోండి. టాయిలెట్‌కి ముందే వెళ్ళిరండి, లోపల మూడు గంటల పైనే ఉంటారు, బయటికి పరిగెత్తే వీలుండదు.

బయల్దేరిన రెండు నిమిషాలకే మొదటి ఏరు దాటాలి. రోరింగ్ క్రీక్ పేరు. ఈ దరి నుంచి ఆ దరికి తాడు కట్టి ఉంది. ఇంకా గుహ దాకా రాలేదు, అప్పుడే నీళ్ళు నా ఛాతీ దాకా. తాడు రెండు చేతులా పట్టుకుని పక్కకి అడుగులేస్తూ దాటాను. ప్రవాహం కాళ్ళని లాగుతుంటే చెప్పుల్లేకుండా గోదారి ఇసకలో నిలబడ్డట్టు కిందనుంచి నేల కరిగిపోతోంది. బట్టలన్నీ అక్కడే తడిసిపోయాయి, ఇక పొడిగా ఉండాలన్న బాధ లేదు. ఆ తర్వాత ముక్కాలు గంట నడక, మళ్ళీ రెండుసార్లు అదే ఏరు, ఈసారి మోకాలి లోతే.

గుహ ద్వారం డమరుకంలా ఉంటుంది, పైనా కిందా వెడల్పు, నడుమ సన్నం. పచ్చటి చెట్ల మధ్య నుంచి నీలం కలిసిన ఆకుపచ్చ నీళ్ళు. వాన పడినా అంత తేటగా ఎలా ఉన్నాయో నాకు అర్థం కాలేదు. రాయి అంచు నుంచి దిగితే కాలికి అడుగు అందదు. ఒక్కొక్కరే దూకి అవతలికి వెళ్ళిపోతున్నారు. వదిన కూడా వెళ్ళిపోయింది, కుక్కపిల్లలా చేతులాడిస్తూ. నేనొక్కదాన్నే మిగిలాను, నా వెనక గైడు.

"ఈత రాదు" అన్నాను.

"జాకెట్టుకి వచ్చు" అన్నాడు.

దిగాను. ఆ చల్లదనానికి ఊపిరి లోపలికెళ్ళి మళ్ళీ బయటికి రాలేదు. కాళ్ళు కిందికి తన్నాను, కింద ఏమీ లేదు. నోట్లోకి నీళ్ళు. టీచరు చెప్పినవేవీ గుర్తు రాలేదు. అంతలో మెడ వెనక జాకెట్టు పట్టీని ఒక చెయ్యి గట్టిగా పట్టుకుంది. మామ్మ జడ పట్టుకున్న చోటే. మాడు మంట కూడా పుట్టిందనే అనిపించింది. "వెనక్కి వాలు" అన్నాడు. వాలాను. హెల్మెట్ వెనకభాగం నీళ్ళకి తగిలింది, చెవుల్లోకి నీళ్ళు వెళ్ళి చప్పుళ్ళన్నీ ఆగిపోయాయి. ద్వారం పైన రాతిలోంచి వేలాడే వేళ్ళు, వాటి మధ్య ముక్కలుగా ఆకాశం, తర్వాత ఆకాశం లేదు, రాయి. అవతల రాతికి మోకాలు కొట్టుకున్నప్పుడు గాని చేరానని తెలీలేదు. ఆ దెబ్బే ఇది.

అక్కడి నుంచి అర కిలోమీటరు పైన ఏట్లోనే నడక. చీలమండ లోతు, ఉన్నట్టుండి నడుము లోతు, కొన్నిచోట్ల గడ్డం దాకా. అడుగున రాళ్ళు కనపడవు. ముందున్న మనిషి "ఎడమ పక్క గుంట" అంటే వెనకవాళ్ళకి చెప్పాలి, ఆ వెనకవాళ్ళు ఇంకా వెనక్కి. మా ఎనిమిదోవాడికి చేరేసరికి ఎడమ కాస్తా కుడి అయ్యేది. ఒకచోట రెండు రాతి పలకల మధ్య సందు మెడ పట్టేంతే ఉంటుంది. ఒళ్ళంతా నీళ్ళలో, తల పక్కకి తిప్పి, గొంతుని ఆ సందులో జరుపుకుంటూ పోవాలి. హెల్మెట్ రాతికి గీసుకుంటున్న చప్పుడు, చెంపకి రాతి అంచు. వెడల్పు భుజాల మా ఆయన అక్కడ ఇరుక్కుని, "నన్నొదిలేసి మీరు వెళ్ళండి" అన్నాడు నాటకంలో డైలాగులా. రెండుసార్లు వెనక్కీ ముందుకీ జరిగితే వచ్చేశాడు. నాకది ద్వారం దగ్గర ఈతలో వందో వంతు కూడా భయం వెయ్యలేదు, కాళ్ళకింద నేల ఉంది కదా. ఇంకోచోట గైడు దీపాలన్నీ ఆర్పమన్నాడు. కళ్ళు తెరిచినా మూసినా ఒకటే. ఆ చీకట్లో వదిన మెల్లగా "శ్రీరామ" అనుకోవడం, నీళ్ళ చప్పుడు, అంతే.

తర్వాత నీళ్ళు వదిలి రెండు నిలువుల ఎత్తు బండ ఎక్కించాడు. పైన బూట్లు విప్పమన్నాడు. ఇక్కడి నుంచి సాక్సులతోనే. బూటు మట్టీ, ఒట్టి కాలి నూనే కూడా ఆ నేలకి పడవట. గుడి ముందు చెప్పులు విప్పడం మనకి పుట్టినప్పటి నుంచీ అలవాటే గానీ తడి సాక్సులతో సున్నపురాతి మీద నడవడం అలవాటు లేదు. పైగా అది చిన్నచిన్న గట్లు కట్టిన మడుల్లా ఉంది, ఆ గట్ల మీదే అడుగెయ్యాలి. నారింజ రంగు టేపు దాటకూడదు. టేపుకి అవతల, ఒక్కోసారి అడుగు దూరంలోనే, కుండలు.

కుండలంటే పెంకులు కాదు. వడ్లు పోసుకునే బానలంత ఉన్నాయి కొన్ని. చాలావాటికి కావాలని కొట్టిన కన్నం ఉంది. వస్తువులోని ప్రాణాన్ని వదిలిపెట్టడానికట. అంత్యక్రియల్లో మనవాళ్ళు కుండకి మూడు చిల్లులు పెట్టడం గుర్తొచ్చి ఒళ్ళు జలదరించింది. వదిన నా చెయ్యి నొక్కింది, ఆవిడకీ అదే గుర్తొచ్చిందని తెలిసిపోయింది. ఇద్దరం ఏమీ అనుకోలేదు.

ఈ గుహని 1989లో థామస్ మిల్లర్ అనే ఆయన బయటి ప్రపంచానికి తెలిసేలా చేశాడట, ఆ తర్వాత బెలీజ్‌కే చెందిన పురాతత్వ శాస్త్రవేత్త హైమే ఆవె బృందం ఏళ్ళ తరబడి ఇక్కడ పని చేసింది. 14 మంది అవశేషాలు దొరికాయి, అందులో పసిపిల్లలవి కూడా. వానల కోసం, చాక్ అనే వానదేవుడి కోసం బలిచ్చి ఉంటారని గైడు చెప్పాడు. నిన్న మేం వాన ఆగాలని మొక్కుకున్నాం. ఒక పుర్రెకి నుదురు చదునుగా ఉంది, పళ్ళు అరగదీసి ఉన్నాయి, అప్పట్లో అదే అందమట. కెమెరా పడిన పుర్రె కూడా చూపించాడు. మిగతావన్నీ కాలం చేసిన గాయాలు కాబట్టి నునుపుగా ఉన్నాయి, ఆ ఒక్క కన్నం అంచులు మాత్రం పదునుగా, తెల్లగా.

చివర్లో ఒక అల్యూమినియం నిచ్చెన. కింద ఒకరు పట్టుకుంటే ఒక్కొక్కరే ఎక్కాలి. పైన చిన్న గది, అందులో ఒక్క అస్థిపంజరమే, వెల్లకిలా పడి. దాన్ని స్ఫటిక కన్య అంటారు. ఏళ్ళ తరబడి సున్నపునీరు కారి ఎముకల మీద గట్టిపడి, దీపం వేస్తే పంచదార పలుకుల్లా మెరుస్తాయి. నేలకి అతుక్కుపోయి ఉంది, ఎవరూ తియ్యలేరు. ఇన్నేళ్ళూ యువతి అనుకున్నారు గానీ పదిహేడు, పద్దెనిమిదేళ్ళ కుర్రాడై ఉండొచ్చని తర్వాత తేల్చారట. పేరు మాత్రం కన్యగానే ఉండిపోయింది. నాకు ఎక్కువసేపు చూడాలనిపించలేదు. నోరు తెరిచి ఉంది. పడుకున్న తీరు పడుకోబెట్టినట్టు లేదు, పడేసినట్టుంది. మాలో అప్పటిదాకా జోకులేస్తున్న కుర్రాడు నిచ్చెన దిగేదాకా మాట్లాడలేదు.

వెనక్కి రావడం వచ్చినంతసేపు పట్టదు, ప్రవాహమే తోస్తుంది. ద్వారం దగ్గర మళ్ళీ అదే లోతు. ఈసారి నేనే వెల్లకిలా పడుకున్నాను. చెయ్యి మాత్రం గైడు పట్టుకునే ఉన్నాడు, లేదని చెబితే అబద్ధం. బయటికి రాగానే ఎండ, ఆకుల రంగు, ఆకలి. మధ్యాహ్నం 2:30కి మా పొట్లాలు విప్పాం. మా ఇద్దరి పొట్లాల్లో తోక లేని గింజలు, గైడు గుర్తుపెట్టుకుని విడిగా చెప్పించాడు. అతనికి అందరం కలిసి 100 డాలర్లు టిప్పు ఇచ్చాం, నోట్లు తడవకుండా వ్యానులో పెట్టుకున్నది ఇందుకే పనికొచ్చింది.

డిసెంబరు 1, ఆదివారం. పోలి పాడ్యమి. వదిన డల్లాస్ నుంచి వత్తులు, చిన్న నెయ్యి సీసా తెచ్చుకుందని అప్పటిదాకా నాకు తెలీదు. ప్రతి ఏడూ బాత్‌టబ్‌లో నీళ్ళు పట్టి అందులో దీపాలు వదులుతుంది. "ఇక్కడ నిజం నది ఉంది కదే" అంది. హోటల్ తోటమాలి ఎందుకని అడక్కుండానే కత్తితో అరటి బోదె ముక్కలు రెండు కోసిచ్చాడు. తెల్లవారకముందే మకాల్ నది ఒడ్డుకి దిగాం. మెట్లు లేవు, బురద. వదినకి చీర కుచ్చిళ్ళు తడుస్తాయని నేనే మోకాలి లోతుకి దిగి దొప్పలు వదిలాను. మొదటిది మూడు గజాలు వెళ్ళి బోర్లా పడింది. రెండోది కొమ్మకి చిక్కుకుంది, విడిపోయింది, మలుపు దాకా వెళ్ళింది. గట్టు మీద ఒక కుక్క మమ్మల్నే చూస్తూ కూర్చుంది.

లెక్క చెప్పి ముగిస్తాను. విమానం 465, ఏటీఎం 130, ట్యూబింగ్ 65, గది నాలుగు రాత్రులు మనిషికి 220, వ్యాన్లు 70, తిండి 120, టిప్పులు 40, పోయిన అడ్వాన్సు 30. మొత్తం 1,140 డాలర్లు. బూట్లు ఇంకా ఆరలేదు, వాటిని గ్యారేజీలో పెట్టాను, ఇంట్లో పెట్టనివ్వడం లేదు మా అత్తయ్యగారు.

ఇంటికి రాగానే మా అమ్మాయి ఫోన్ లాక్కుంది, పుర్రెల ఫొటోలు చూద్దామని. లేవన్నాను. ద్వారం దగ్గర నేను ఈదుతున్నదైనా ఉందా అంది. అదీ లేదు.

"మరి నువ్వు నీళ్ళలోకి దిగావని గ్యారంటీ ఏంటమ్మా?"

పంట్లాం పైకి మడిచి మోకాలు చూపించాను. కాసేపు చూసి, వేలితో నొక్కి, "నొప్పిగా ఉందా?" అంది.